కూర్మమ్మ అంబలిలో ఉప్పుగల్లులు

ఆయాసమొచ్చి మడిగట్టు మీద కాసేపు కూర్చున్నందుకు కూర్మమ్మకు దక్కిన బిరుదు ‘దొంగాయాసం’. ఆ పేరు పెట్టింది ఉప్పుమడుల మేస్త్రీ. “ఏటే, పెల్లికూతురిలా కూకున్నావు?” అని పదిమందిలో అనేవాడు. ఆమె చిన్నగా నవ్వి లేచి, మళ్లీ మడిలోకి దిగేది.

అది పంతొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో సంవత్సరం. సముద్రపొడ్డున నౌపడ ఉప్పుమడుల్లో ఆ రోజులంటే తెల్లటి కుప్పల మీద ఎండ, ఆడవాళ్ల నవ్వులు గుర్తొస్తాయి. మధ్యాహ్నం అందరూ చుట్టూ చేరి చోడి అంబలి, అంటే రాగి జావ, తాగేవారు. చెమటోడ్చే ఒంటికి ఉప్పే బలమని వాళ్ల నమ్మకం. ఎవరైనా నీరసపడితే వాళ్ల గిన్నెలో తోటివాళ్లు తలో ఉప్పుగల్లు వేసేవారు. వద్దంటే తెగతెంపులు చేసుకున్నట్టే. కూర్మమ్మ కాళ్లు ఉబ్బేకొద్దీ ఆమె గిన్నెలో గల్లులు పెరిగాయి.

చివరికి పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీయవలసి వచ్చింది. భర్త దాలయ్య ఆమెను రైలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా తోయలేకపోతోందని, అందుకే ఒంట్లో నీరు నిలుస్తోందని డాక్టరు చెప్పారు. సూదులు, బిళ్లలు పడ్డాక వాపు తగ్గింది. ఉప్పు, ఎండుచేప బాగా తగ్గించమని, బాగుందనుకుని మందులు మానేయవద్దని చెప్పి పంపారు. ఇంటికొచ్చిన కూర్మమ్మ చాప మీద హాయిగా నడుం వాల్చి నిద్రపోయింది. దాలయ్య పని మానుకుని ఆ నిద్రనే చూస్తూ కూర్చున్నాడట.

ఆమె మళ్లీ మడులకు వెళ్లింది. తిరిగొచ్చిందన్న సంబరంతో తోటివాళ్లు గిన్నెలో ఉప్పుగల్లులు వేశారు. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. వారం తిరక్కుండానే పాదాలు పొంగాయి. దాలయ్య గట్టు మీదికొచ్చి, డాక్టరు చెప్పిందంతా ఆడవాళ్లకు చెప్పాడు.

ఆ ఆడవాళ్లలో ఉన్న పక్కింటి చిన్నతల్లికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“ఒదినా, మాకు సెప్పకుండా తింతన్నావేటి? నీ పేనం తీసిన పాపం మాకు సుట్టబెడతావా?”

“పేమగా పెట్టిన సెయ్యిని ఎలా తోసీమంతావే,” అంది కూర్మమ్మ.

మర్నాటినుంచి ఆమె గిన్నెలో ఉల్లిపాయ, పచ్చిమామిడి ముక్కలు పడసాగాయి. అంతటితో ఆగలేదు వాళ్లు. కూర్మమ్మకు కూర్చుని సంచులు కుట్టే పని ఇస్తేనే మడిలో దిగుతామని గట్టు మీద నిలబడిపోయారు. ఆకాశం మబ్బేసింది. వానొస్తే ఉప్పంతా కరిగి నీరైపోతుంది. మేస్త్రీ దిగొచ్చాడు.

గుండె పూర్తిగా బాగుపడలేదు. కానీ మందులు వేసుకుంటూ కూర్మమ్మ చాలా ఏళ్లు బతికింది. సంతకు నడిచి వెళ్లింది, మనవరాలిని చంకనెత్తుకుంది, శ్రీముఖలింగం జాతర చూసొచ్చింది. సంచులు కుడుతూ ఆమె విసిరే హాస్యాలకు మడులన్నీ ఘొల్లుమనేవి.

ఇలా ఆయాసపడుతూ తిట్లు తినేవాళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నారు. కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడనివాళ్లు కనిపిస్తే ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఒంటరిగా వచ్చిన కూలిమనిషిని గుమ్మంలోనే అదిలించేవాళ్లుంటారు. మీరు పక్కన నిలబడి, డాక్టరు గదిదాకా నడిపించండి.