గోడ వెంట కాదు, నడ్మలకెల్లి

మా మేనత్త పోయిన మంగళవారం జహీరాబాద్ దవాఖానలో కన్నుమూసింది. నౌకాదళంలో అధికారులుగా చేరిన తొలి ఆడవాళ్లలో ఆమె ఒకరు. కోహీర్ పక్కన మా ఊళ్లో మాత్రం, అల్లం చేను బావిలో పిల్లలకు ఈత నేర్పే అత్తగానే అందరికీ తెలుసు.

ఉద్యోగం కాగితం వచ్చినప్పుడు పక్క చేను పెద్దమనిషి, "ఆడపిల్లను నీళ్ల మీదికి తోల్తవా?" అని తాతను అడిగాడట. "మా బావిల మునగనిది సముద్రంల మునుగుతదా?" అన్నాడట తాత. ఆయన సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు.

శిక్షణలో ఈత పరీక్ష రోజు అందరికంటే ముందు దూకింది అత్తే. కొలనులో నాలుగు బారలు పోయి, ఎడమకు తిరిగి, దూకిన గట్టుకే వచ్చి చేరింది! గుండ్రటి బావిలో గోడ వెంట తిరగడమే కదా మాకు తెలిసిన ఈత. గట్టు మీద అందరూ పగలబడి నవ్వారట. "నాకూ నవ్వొచ్చింది బిడ్డా. మల్ల రోజూ పొద్దుగాల్నే లేచి, సక్కగ పోవుడు నేర్చుకున్న" అనేది.

మొదట్లో ఆడవాళ్లకు ఒడ్డు మీది పనులే ఇచ్చారు. అత్త ఓడలకు బియ్యం నుంచి బోల్టుల దాకా పంపించేది. ఓడెక్కుతానని ఏటా అర్జీ పెట్టి, ఏళ్లకు ఎక్కింది. ఆ రోజు ఫోటో చూపించమంటే, "దాంట్ల కండ్లు మూసుకున్న, వద్దు" అని దాచేసేది.

వచ్చే నెల నేనూ అదే శిక్షణకు పోతున్నాను. ఎంపికైనట్టు ఉత్తరం రాగానే అత్త మిఠాయి కూడా ముట్టకుండా నన్ను బావికి నడిపించింది. అవతల నీళ్లకు ఆనుకుని ఉన్న రాయి మీద కూర్చుని, "గోడ పట్టుకొని తిరగకు. నడ్మలకెల్లి నా దగ్గరికి రా" అంది. నడుమ నీళ్లు నల్లగా ఉంటాయి. అప్పటి నుంచి రోజూ దూకినా, భయపడి గోడకే పోయేదాన్ని.

"ఫికర్ జేయకు, రేపొస్తవు" అనేది.

దవాఖానలో కూడా అదే అడిగింది. "పోయినవా, నడ్మలకెల్లి?"

"లేదత్తా."

అత్త నా చెయ్యి మీద మెల్లగా తట్టింది. ఆ జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నిన్న పొద్దున బావికి పోయాను. తోడుగా నాన్న గట్టు మీద నిలబడ్డాడు. దూకాను. నడుమకు వచ్చేసరికి ఒళ్లు దానంతటదే ఎడమకు తిరగబోయింది. తలెత్తి రాయిని చూశాను. మళ్లీ చూశాను. చెయ్యి దానికి తగిలింది. ఎండకు వెచ్చగా ఉంది.

"మా అక్క కూసునే జాగ గదే బిడ్డా" అన్నాడు నాన్న.

వెనక్కి తిరిగి చూస్తే, నేను వచ్చిన దారి నీళ్ల మీద ఇంకా కదులుతోంది, తిన్నగా.