పక్కవాడి మోకాలు

పదహారేళ్ళు కబడ్డీ ఆడాను. అందులో చివరి ఆరేళ్ళు ఒప్పందం మీద సిటీ జట్టుకి ఆడాను. టీవీలో కూడా వచ్చాను. మా వరికుంటపాడులో ఎవరినైనా అడగండి, "వచ్చినాడులే గానీ వీపే కనిపించింది" అంటారు. నిజమే. నేను కార్నర్‌లో ఆడేవాణ్ణి. కూతకొచ్చినవాడి చీలమండ పట్టుకుని కింద పడేయడం నా పని. నేను పడేశాక నా జట్టువాళ్ళంతా మా మీద పడతారు, నేను అడుగున ఉంటాను. ఇక కెమెరాకి ఏం దొరుకుతుంది? మైకులో అరిచేవాడు కూతకెళ్ళి పాయింటు తెచ్చినవాడి పేరే పదిసార్లు అరుస్తాడు. పట్టినవాడి పేరు వాడి నోటికి రాదు. అప్పట్లో కడుపు మండేది. ఇప్పుడు నవ్వొస్తుంది.

అసలు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ సిటీ మ్యాట్లు కాదు, ఉదయగిరి మట్టి కోర్టు. నాలుగింటికల్లా కొండ నీడ కోర్టు మీదకు వచ్చేది. నీళ్ళు చల్లి, మట్టి ఆరకముందే మొదలుపెట్టేవాళ్ళం. ఇంటికెళ్తే మా అవ్వ నన్ను గడప దాటనిచ్చేది కాదు. "బర్రెగొడ్డు నయంరా నీకన్నా" అని బావి దగ్గరికి తరిమేది.

నా పక్కన కవర్‌లో ఆడేవాడు ఉదయగిరి వాడే. వాళ్ళింట్లో తరాల నుంచీ చెక్క స్పూన్లు చెక్కుతారు. కార్నర్, కవర్ చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడాలి, అదీ ఆట. వాడి అరచెయ్యి ఉలి పట్టి పట్టి కాయలు కాసి ఉండేది, చెమట పట్టినా జారేది కాదు. పదేళ్ళు ఆ చెయ్యి పట్టుకున్నాను. నా పెళ్ళాం చెయ్యి కూడా అంతసేపు పట్టుకుని ఉండను. ఈ ముక్క ఆవిడ చదవకుండా ఉంటే చాలు.

ఆత్మకూరులో ఒకసారి టోర్నమెంటు గెలిస్తే కూతకెళ్ళేవాడికి ఇంత ఎత్తు కప్పు ఇచ్చి, మిగతా అందరికీ తలా ఒక చెక్క స్పూన్ల డబ్బా ఇచ్చారు. వీడు డబ్బా తెరిచి చూసి, "ఓరి వీళ్ళ దుంపతెగ! మా ఇంట్లో చెక్కినవి నాకే బహుమానం ఇస్తారేందిరా!" అని స్టేజీ మీదే పడీ పడీ నవ్వాడు. బస్సులో ఉదయగిరి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం.

మా కోచ్ సార్‌కి ఒక పద్ధతి ఉండేది. ఆటకు ముందు నీ ఒళ్ళు ఎలా ఉందని నిన్ను అడగడు. నీ చెయ్యి పట్టుకునేవాణ్ణి అడుగుతాడు. "ఆడాలనుకునేటోడు కాలు ఊడి చేతికొచ్చినా బాగుండాదనే చెప్తాడు. పక్కనోడికి తెలుస్తాది" అనేవాడు. పక్కవాడు ఏం చెబితే అదే ఖాయం. ఎదురు మాట్లాడేవాడు లేడు.

సిటీ జట్టువాళ్ళు ఆటగాళ్ళను ఏరుకోవడానికి ఆత్మకూరు వస్తున్నారని తెలిసిన వారం అది. ప్రాక్టీసులో ఉన్నట్టుండి వాడి బరువంతా నా చేతి మీదకు వచ్చింది. ఒక్క క్షణమే. ఎవరూ చూడలేదు. ఆట అయ్యాక పక్కకు లాక్కెళ్ళి ప్యాంటు పైకి లాగితే, మోకాలికి పసుపూ సున్నం పట్టు ఉంది. మోకాలు బోడిగుండంత ఉంది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"నెల. నెల్లూరులో చూపించినాను. ఇంకోసారి తిరగబడితే నడకే కష్టమన్నాడు డాక్టరు."

"మరి?"

"మరేంది? ఈ ఒక్క ఆటరా. తీసుకున్నారంటే ఆపరేషను వాళ్ళే చేయిస్తారు. సార్‌కి చెప్పబాకరా. నీకు దండం పెడతాను."

నేను అవునని అనలేదు, కాదని అనలేదు. ఆత్మకూరు ఆటకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

ఆట రోజు పొద్దున సార్ నా దగ్గరికొచ్చి అడిగాడు. "ఏరా, వాడి ఒళ్ళు ఎట్టుండాది?" వాడు నాలుగడుగుల దూరంలో కూర్చుని మోకాలికి బ్యాండేజీ చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపి నా వైపు చూశాడు.

"మోకాలు పోయింది సార్" అన్నాను.

వాడి జాగాలో ఇంకొకణ్ణి నిలబెట్టారు. గెలిచాం. సిటీ వాళ్ళు నన్ను తీసుకున్నారు. వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేస్తే తీసేశాడు. "నీ పని అయిపోయినాది గదా, ఇంక పో" అన్నాడు. పోటీ లేకుండా చేసుకున్నాడని నా గురించి ఊళ్ళో అనుకున్నారు. అన్నవాళ్ళతో కొట్లాడాను కూడా. కానీ ఒట్టు, ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. వాడి మోకాలి కోసమే చెప్పానా, లోపల ఇంకేమైనా ఉందా అని. ఇప్పటికీ తేల్చుకోలేదు.

సిటీలో ఆరేళ్ళలో నా పక్కన ఎందరో మారారు. అందరి చేతులూ మెత్తగా ఉండేవి. భుజం పోయాక వచ్చేసి, ఆత్మకూరులో డ్రిల్లు మాస్టరుగా చేరాను. ఉదయగిరి ఎన్నిసార్లు వెళ్ళానో, వాడి వీధిలోకి మాత్రం పోలేదు. అట్లా ఆ ఆట రోజు నుంచి పన్నెండేళ్ళు గడిచాయి.

మొన్న వేసవిలో మా స్కూలు గ్రౌండుకి వాడే వచ్చాడు. పక్కన పదమూడేళ్ళ కూతురు. కుశల ప్రశ్నలేమీ లేవు.

"ఇది కవర్‌లో ఆడతాది. నువ్వు నేర్పించు" అన్నాడు.

"నేనా?"

"నువ్వే. దీనికి నా మొండితనమే వచ్చినాది. నొప్పొస్తే నాకు చెప్పదు, దాస్తాది." ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. "నువ్వు దాచలేవు. అది నాకు తెలుసు."

"ఆ రోజు నేను చెప్పింది..." అని మొదలుపెట్టాను.

"ఆ రోజు నువ్వు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు, కటువుగా. "ఆ మాట మీద నేను చచ్చేదాకా ఉంటాను. దీని సంగతి మాత్రం నాకు దాచబాక."

సరేరా అన్నాను. వాడికి అన్యాయం చేశానని వాడి మాటే చెబుతోంది. బిడ్డని మాత్రం నాకే అప్పగిస్తున్నాడు. ఏడుపొచ్చింది. పిల్ల ముందు బాగుండదని విజిలు నోట్లో పెట్టుకున్నాను.

గేటు దాకా వెళ్ళాడో లేదో, ఉదయగిరి బస్సు కదిలిపోతోంది. "ఓయ్, ఆపు, ఆపు!" అని అరుస్తూ, నలభై దగ్గర పడిన మనిషి, లుంగీ ఎగగట్టి రోడ్డు మీద పరుగెత్తాడు. ఫుట్‌బోర్డు మీదకు ఒక్క ఊపున ఎక్కేశాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ కాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను.