బావ సైకిలుకు వచ్చే రోగాలు

మా బావ సైకిలు మెకానిక్. ఊళ్లో ఎవరి బండి మొరాయించినా దారికి తెచ్చేవాడు, ఒక్క తన బండి తప్ప. చదును రోడ్డు మీద బుద్ధిగా నడిచే ఆ సైకిలుకు ఎత్తు మొదలయ్యేసరికి ఏదో ఒక రోగం వచ్చేది. ఇరవై ఏళ్లుగా కొండలెక్కుతున్నా, దారిలో బండి చెడకుండా ఆయన ఒక్క కనుమ దాటిన దాఖలా లేదు.

ఆ చెడటానికీ ఒక పద్ధతి ఉండేది. బావ ముందు ఒక కాలు నేలకు ఆనించేవాడు. ఆకాశం వంక చూసి నిట్టూర్చేవాడు. తర్వాత, చావు కబురు చెప్పే గొంతుతో "చైను వదులైందిరా" అనేవాడు. స్పానరు తీసి, వెనక చక్రం నట్టు విప్పి, చక్రాన్ని ఇటు లాగి అటు నెట్టి మళ్లీ బిగించేసరికి అయిదు నిమిషాలు. పై మలుపులో బ్రేకు. ఆ పై మలుపులో పెడలు.

మా ఊరికి మూడు వైపులా కొండలు, మూడు కనుమలు. ఆదివారం వస్తే వాటిని చూడటానికి బావ వెంట ఓ చిన్న గుంపు బయలుదేరేది: భారీ మనిషి మందుల షాపాయన, మోకాళ్ల నొప్పుల లెక్కల మాస్టారు, బక్కపలచని టైలరు. బావ బండి ఆగినప్పుడల్లా వీళ్లు రోడ్డు పక్క పిట్టగోడ వారగా చతికిలబడి ఆయన్ని ఆడిపోసుకునేవాళ్లు.

"గుండీల్లేని చొక్కాతో నేను తిరిగితే నా దగ్గర ఎవరైనా బట్టలు కుట్టించుకుంటారా?" అనేవాడు టైలరు.

"కుట్టించుకోరు" అని బావ ఒప్పేసుకునేవాడు.

ఊళ్లో ఆయనకు 'రిపేరు' అని పేరు పడిపోయింది. సొంత బండే బాగుచేసుకోలేనివాడు మన బండేం చేస్తాడని కొత్తవాళ్లంతా ఎదురు షాపుకు వెళ్లేవాళ్లు. అక్క తల కొట్టుకునేది. "దాని రాత అలా ఉంది, ఏం చేస్తాం?" అనేవాడు బావ. ఆయన ధోరణే అంత. కనుమ అంచున నిలబడితే కింద లోయంతా మబ్బు పరుచుకుని, ఎండ తగిలినచోట ఏరు తళుక్కుమనేది. మేమంతా నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆయన తొంగి చూసి "బాగుంది. జారితే ఎముకలు కూడా దొరకవు" అనేవాడు.

పోయిన వానాకాలం నాకు నిమోనియా వచ్చింది. మూడు నెలలు మంచం మీదున్నాను. లేచేసరికి ఊపిరి సగమైంది. నా ఉద్యోగం వాతావరణ శాఖలో. మూడో కనుమ మీద ఒక రాతి గది, దాని ముందు వాన కొలిచే పరికరం ఉంటాయి. రోడ్డున్నంతవరకు సైకిలు మీద, ఆ పైన కాలిబాటన వెళ్లి, సరిగ్గా పదింటికి వాన లెక్క రాసి కిందికి ఫోను చేయాలి. పది దాటితే ఆ లెక్క చెల్లదు. నేను మంచం దిగిన వారానికే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: రెండు నెలల తర్వాత పెద్దాఫీసరు స్వయంగా వెంట వస్తాడు, టైముకు పైకి చేరితే పాత ఉద్యోగం, లేకపోతే రికార్డు గది.

రికార్డు గది భూమి లోపల ఉంటుంది. పట్టపగలు కూడా బల్బు వెలగాలి. అక్కడి గుమాస్తా నన్ను చూసినప్పుడల్లా "బయట వానా, ఎండా?" అని అడిగేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా బయలుదేరాను. రెండో మలుపు దగ్గరే ఊపిరాడక రాయి మీద కూలబడి ఏడ్చాను.

మర్నాడు బావ తన బండితో మా గుమ్మంలో నిలబడ్డాడు. "నాకూ కొండగాలి కావాల్రా. బతికి సాధించేదేం లేదనుకో. తోడుంటా, పద."

అలా మొదలైంది. మంచు, సన్నటి తుంపర, నా దగ్గు, ముందు బావ. గుండె గొంతులోకి వచ్చి, ఇక పడిపోతాననుకునేసరికి ఆయన కాలు నేలకు ఆనేది.

"ఈసారేంటి బావా?"

"వాల్వు."

"నిన్నేగా మార్చావు!"

"నిన్నటి రోగం వేరు."

ఆయన్ని తిట్టుకుంటూ ఊపిరి పీల్చుకునేవాణ్ణి. కాలిబాట మీద సైకిళ్లు ఉండవు కదా, అక్కడైనా ఈ గోల తప్పుతుందనుకున్నాను. అక్కడ బూటు చెడేది.

"రాయి దూరిందిరా."

"ఇందాకే తీశావుగా!"

"ఇది దాని తమ్ముడు."

ఆరో వారానికి బండి రోగాలు సగానికి తగ్గాయి. "గ్రీజు పట్టినట్టుంది" అన్నాడు బావ దిగులుగా. అయినా నా భయం నాది. పరీక్ష నాడు ఈ దరిద్రపు బండి వల్ల ఆలస్యమైతే? బావ సామాన్లు కొనడానికి వెళ్లిన రోజు చూసి, అక్కనడిగి, ఆ సైకిలును గుట్టుగా ఎదురు షాపు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

అతను చక్రం ఎత్తి తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.

"నన్ను ఆటపట్టించమని పంపాడా మీ బావ?" అన్నాడు కోపంగా. "ఊళ్లో ఇంత బాగున్న బండి ఇంకోటి లేదు."

"మరి దారంతా చెడుతోందిగా?"

అతను వంగి వెనక చక్రం నట్టు మీద వేలు పెట్టాడు. "ఇది చూడు. మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది. ఏ రోగం లేకుండానే విప్పి బిగించి, విప్పి బిగించి..." మధ్యలో ఆగిపోయాడు. చక్రాన్ని నెమ్మదిగా నేలకు దించాడు. "పోయినేడు నన్నూ కొండకి తీసుకెళ్లాడు. నాకు ఆయాసం. ఆ రోజు పదకొండుసార్లు చెడింది బండి. నేను ఊరంతా చెప్పుకుని నవ్వాను."

మందుల షాపాయన ఒళ్లు, మాస్టారి మోకాళ్లు, నా ఊపిరితిత్తులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వెనక ఎవరి శక్తి ఎప్పుడు అయిపోతోందో బావ వింటూ ఎక్కేవాడన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన్ని మాత్రం అడగలేదు. అడిగితే ఇంకో రోగం పేరు చెబుతాడు, అంతే.

పరీక్ష నాడు నాలుగడుగుల అవతల ఏమీ కనిపించనంత మంచు. పెద్దాఫీసరు కొత్త సైకిలు, పెద్ద పొట్టతో వచ్చాడు. బావ కూడా బయలుదేరాడు. "శవాన్ని దింపడానికి ఓ మనిషుండాలిగా" అన్నాడు.

"మధ్యలో ఎక్కడా ఆగడానికి వీల్లేదు" అని హుకుం జారీ చేశాడు ఆఫీసరు.

మూడో మలుపుకే ఆయన కొలిమి తిత్తిలా రొప్పుతున్నాడు. ముఖం కందిపోయింది. ఆగుదామంటే రూలు పెట్టింది తనే. వదిలేసి వెళ్దామంటే ఆయనే నా పరీక్షాధికారి. ఎనిమిదిన్నర దాటింది. ఇలాగే సాగితే పదింటికి పైన ఉండటం కల్ల. రికార్డు గది బల్బు కళ్ల ముందు కనిపించింది.

బావ కాలు నేలకు ఆనింది. నిట్టూర్పు వినిపించింది.

"చైను తెగేలా ఉంది సార్."

ఆఫీసరు పిట్టగోడ మీద దభాలున కూర్చున్నాడు. "అయ్యో! ఇతన్ని ఒంటరిగా వదిలేసి ఎలా వెళ్తామయ్యా? నేనుంటాలే. నువ్వెళ్లి పదింటికి లెక్క రాసి ఆఫీసుకి ఫోను చెయ్. ఆ ఫోనే సాక్ష్యం."

బావ తలెత్తలేదు. "వెళ్లు. నా కోసం చూడకు" అన్నాడు, స్పానరు వెతుక్కుంటూ.

వెళ్లాను. నా కోసం ఆగేవాళ్లెవరూ ముందు లేరు. రెండుసార్లు బండరాయి పట్టుకుని నిలబడ్డాను, మూడోసారి అవసరం పడలేదు. పదికి ఏడు నిమిషాలుండగా చేరాను. పదింటికి ఇరవై మూడు మిల్లీమీటర్ల వాన రాసి, ఫోను చేసి, గుమ్మంలో కూర్చుని ఒళ్లు తెలియకుండా ఏడ్చాను.

పదకొండున్నరకు వాళ్లిద్దరూ మంచులోంచి బయటపడ్డారు.

"పాపం మీ బావ!" అన్నాడు ఆఫీసరు. "అదేం బండయ్యా! కాలిబాటకొస్తే బూటు కూడా అంతే. ఆయన కోసం పద్నాలుగుసార్లు ఆగాను. లేకపోతే నీకంటే ముందే ఉండేవాణ్ణి. సరే, నీ ఉద్యోగం నీదే."

"మీకు చాలా శ్రమ ఇచ్చాను సార్" అన్నాడు బావ, సంతాపసభలో మాట్లాడుతున్నట్టు.

కాలిబాట దిగి సైకిళ్ల దగ్గరికి వచ్చాం. వానలో తడుస్తూ ఘాట్ రోడ్డు నిటారుగా కిందికి పోతోంది. ఆఫీసరు ఒకసారి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

బావ ఆకాశం వంక చూశాడు. "సార్, ఇంకాస్త ఓపిక పట్టాలి. దిగేటప్పుడు నా బండికి బ్రేకులు పట్టవు."

"అయితే నడిచే వెళ్దాం! ముగ్గురం నడిచే వెళ్దాం!" అన్నాడు ఆఫీసరు. ప్రాణం లేచొచ్చింది ఆయనకు.

అలా, బ్రేకులు దివ్యంగా ఉన్న మూడు సైకిళ్లను చేత్తో పట్టుకుని, ఆ వానలో ఎనిమిది కిలోమీటర్లు నడిచి దిగాం.