ఆర్డిస్ కారు తలుపు మీద సొట్ట

మా ఉత్తర విస్కాన్సిన్‌లో జింకను గుద్దని కారంటూ లేదు. పాస్టరుగారు రెండుసార్లు గుద్దారు, రెండోసారి ప్రార్థనకి వెళ్తూ. ఒక్క ఆర్డిస్ టోర్గెసన్ మాత్రం పెళ్లికి ముందు నుంచీ అడవి రోడ్ల మీద ఉత్తరాలు పంచుతున్నా, కారుకి జింక వెంట్రుక కూడా తగలనివ్వలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకోదు. ఎదుటివాళ్లు ఎత్తకపోతే మాత్రం మొహం మాడ్చుకుంటుంది.

ఆమె బండి నడపడం చూసి తీరాలి. మా కార్లకి స్టీరింగూ బ్రేకూ ఎడమవైపున్నా, ఇళ్ల ముందు టపా డబ్బాలు రోడ్డుకి కుడివైపుంటాయి కాబట్టి కుడి సీట్లోనే కూర్చుంటుంది. ఎడమ కాలు అటు చాపి బ్రేకు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ, కుడి చేత్తో ఉత్తరాలు పడేస్తుంది. ఎడమ సీటు నిండా టపా కట్టలే.

నవంబరులో జింకలు ఎదకొస్తాయి, మగవి ఒళ్లు తెలియకుండా పరిగెడతాయి. ఆ నెలంతా మేమందరం ఒళ్లు దగ్గర పెట్టుకునే నడుపుతాం. నెలాఖరుకి జింకల వేట రోజులు ముగియగానే గొడవ వదిలిందనుకుంటాం. ఆర్డిస్ అనుకోదు. నవంబరులో చూలు నిలవని ఆడజింకలు డిసెంబరులో మళ్లీ ఎదకొస్తాయి. ఆ యేడు పుట్టిన పిల్లల్లో బాగా మేసి ఒళ్లు చేసినవి కొన్ని మొదటిసారి వచ్చేదీ అప్పుడే. చిక్కి ఎముకలు తేలిన మగజింకలు మళ్లీ నేల వాసన చూసుకుంటూ బయల్దేరతాయి.

ఊరందరి బంపర్లూ సరిచేసేది మిల్టన్ కుబియాక్. ఆర్డిస్ కారు ఒక్కటే అతని చేతికి చిక్కలేదు. శుక్రవారాలు నా బారులో వేయించిన చేప తింటూ ఆమెను గిల్లకపోతే అతనికి ముద్ద దిగదు.

"ఏం ఆర్డిసక్కా, వేట అయిపోయాక కూడా నత్తలా పాకుతావేం? పొద్దున నీ వెనక పడి నా కాఫీ చల్లారిపోయింది."

"మగాళ్లకి నవంబరుతో బుద్ధొచ్చేస్తుందని నీకెవడు చెప్పాడ్రా?"

ఆ డిసెంబరులో, ఆర్డిస్ ఉద్యోగం మర్నాటితో ముగుస్తుందనగా, చిత్తడి పక్క రోడ్డులో ఒక చిన్న ఆడజింక ఎడమ నుంచి కుడికి దాటింది. ఆర్డిస్ కారు ఆపేసింది. వెనకే కుబియాక్ లారీ. హారన్ మోగించాడు. ఆమె కదల్లేదు.

"దాటిపోయిందిగా, పోనీవే తల్లీ" అని అరిచాడు.

"అమ్మాయి దాటింది. అబ్బాయి రావద్దూ?"

అబ్బాయి వచ్చాడు. ముక్కు మంచుకి ఆనించి, తల ఎత్తకుండా పరిగెత్తుకొచ్చి, ఆగి ఉన్న కారు ఎడమ తలుపుని ఢీకొన్నాడు. ఒక కొమ్ము ఊడి రోడ్డు మీద పడింది. లేచి, తల విదిలించుకుని, మిగిలిన ఒంటికొమ్ముతో ఆ పిల్ల వెనకే పోయాడు. కుబియాక్ కిందికి దిగి పొట్ట పట్టుకుని నవ్వాడు.

సాయంత్రానికి నా బారు రెండు జట్లయింది. ఆర్డిస్ కూడా జింకను గుద్దేసిందని కొందరు, జింకే ఆమెను గుద్దిందని కొందరు. ఆమె మాత్రం మూల బల్ల దగ్గర చేప ముట్టకుండా కూర్చుంది. జన్మంతా కూడబెట్టుకున్న పేరది, వెటకారం చేసుకోడానికి మాకేం హక్కుంది?

కుబియాక్‌కీ మనసు చివుక్కుమన్నట్టుంది. వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, పొద్దున్నే బండి తెచ్చెయ్. ఊరికే సరిచేస్తాను, రంగు కూడా వేస్తాను. ఆఖరి రోజున అక్కడేం జరిగిందో ఎవరికీ కనబడదు."

"కనబడకపోతే ఎట్లారా? సొట్ట బంపరుకుందా, తలుపుకుందా? వెళ్లి గుద్దినదానికి ముందు పడుతుంది. ఆగి ఉన్నదానికి పక్కన పడుతుంది. నువ్వది కాస్తా తీసేస్తే, నేను గుద్దలేదని రేపు ఎవడు నమ్ముతాడు?"

ఊళ్లో సొట్టల సంగతి అతనికంటే తెలిసినవాడు లేడు.

మర్నాడు ఆఖరి టపా. కారంతా బురదే, ఆ తలుపొక్కటీ తోమి కడిగింది. సొట్టేమో డబ్బాలకి అవతలివైపు. అందుకని ప్రతి ఇంటికీ ఉత్తరం వేశాక, ముందుకెళ్లి బండి తిప్పుకొచ్చి, తలుపు కనబడేలా ఆ ఇంటి ముందు కాసేపు ఆపింది. మాకు టపా అందేసరికి పొద్దు వాలింది.

కుబియాక్ షెడ్డు ముందు కూడా అలాగే ఆపింది. అతను బయటికొచ్చి, టోపీ తీసి, సొట్టంతా అరచేత్తో నెమ్మదిగా తడిమాడు. తర్వాత టపా కోసం రోడ్డు మీదికొచ్చిన మా అందరికీ వినబడేలా అన్నాడు:

"జింకే గుద్దింది."

ఆర్డిస్ బండి ముందుకి పోనిచ్చింది.