ఎదురుకాళ్ల లలితమ్మ

లలితమ్మ పుట్టినప్పుడు తల కాదు, కాళ్లు ముందు బయటికొచ్చాయి. అందులో ఆమె గొప్పేముంది? ఏమీ లేదు. కానీ ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని ఛత్రినాక బస్తీలో అందరి నమ్మకం. బస్తాలు మోసేవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, ఆటో నడిపే దస్తగీర్, అందరూ ఆమె గడప ముందు బోర్లా పడుకునేవారు. ఆమె గోడ పట్టుకుని మడమతో మూడుసార్లు తొక్కేది. పైసా ముట్టుకునేది కాదు. ముట్టుకుంటే గుణం పోతుందట.

"క్యా బాత్ హై భాభీ! మస్తు హల్కా అయింది," అంటూ దస్తగీర్ తేలిగ్గా లేచి చొక్కా దులుపుకునేవాడు.

నిజంగా తగ్గేదో, మొహమాటానికి తగ్గిందనేవాళ్లో ఆ దేవుడికే తెలియాలి. లలితమ్మకు మాత్రం తన కాళ్లంటే లోలోపల గర్వం. ఎందుకుండదు చెప్పండి? చదువు లేదు, ఉద్యోగం లేదు, నలుగురూ తనను వెతుక్కుంటూ వచ్చేది ఈ ఒక్కందుకే.

ఒక్క మనిషికి మాత్రం ఎన్నడూ తొక్కలేదు, కట్టుకున్న రామ్‌చందర్‌కు. మొగుడి మీద కాలు పెడితే మహాపాపమని అత్త నేర్పింది.

రామ్‌చందర్‌కు బర్రెల కొట్టం ఉంది. గొంతుక్కూర్చుని పాలు పిండడం, పేడ ఎత్తడం, తౌడు బస్తాలు దించడం, నిండు క్యాన్లు బండికి తగిలించుకుని గుంతల్లో ఎగిరిపడుతూ సంతోష్‌నగర్ దాకా పోవడం. పెళ్లికి ముందు నుంచీ ఇదే పని. క్యాన్ ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచడు. నడుము వంచి, పక్కకు తిరిగి, ఒక్క గుంజు గుంజుతాడు. "ఇద్దరం పట్టుకుందాం, ఆగరాదూ" అని ఆమె అంటే, "నువ్వొచ్చేటాళ్లకు పాలు విరుగుతయ్" అనేవాడు. నొప్పి లేస్తే మెడికల్ షాపు గోలీ, పైన ఒక సిగరెట్టు. అంతే వైద్యం! ఆ మొండిఘటానికి ఎవరు చెప్పగలరు?

మొన్నటి వానాకాలం నొప్పి నడుములో ఆగలేదు. పిర్రలోంచి పిక్కలోకి దిగింది. ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియక అట్లాగే నడిచేవాడు. అయినా నోరు విప్పలేదు. చెబితే పెళ్లాం దవాఖానకు ఈడుస్తుంది, డాక్టరు పడుకోమంటాడు, పడుకుంటే బర్రెలను చూసేదెవరు? అదీ ఆయన భయం. ఒక ఆదివారం పొద్దున బురదలో క్యాన్ ఎత్తుతూ "అమ్మా!" అని కూలబడ్డాడు.

లలితమ్మ పరుగున వచ్చింది. "దవాఖానకు పోదాం పా అయ్యా."

"దవాఖానెందుకే? ఊరందరికి తొక్కుతవ్, నాకు తొక్కవా? జల్ది కానియ్, పాలకు టైమైతుంది."

ఆమె వద్దంది. ఆయన వినలేదు. చివరికి ఆయన వీపుకు దండం పెట్టుకుని, కళ్లు మూసుకుని కాలు పెట్టింది. "ఇంకింత గట్టిగ," అన్నాడు. మూడోసారి బరువంతా మోపింది.

"అబ్బ! మంట పోయిందే లలితా. మొత్తం పోయింది," అన్నాడు.

ఎంత సంబరపడిందో పిచ్చితల్లి! ఇన్నేళ్లు ఈయనకెందుకు తొక్కలేదా అనుకుంది. అంతలో ఆయన లేవబోయాడు. కాళ్లు రాలేదు. లుంగీ తడిసింది. తడిసిన సంగతి ఆయనకు తెలియలేదు.

దస్తగీర్ ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. ఆపరేషన్ చేశారు. కాళ్లు మాత్రం కదలలేదు. డాక్టరు విడమరచి చెప్పాడు: వంగి, మెలితిరిగి బరువులెత్తడం, బండి కుదుపులు, సిగరెట్టు, అన్నీ కలిసి ఎముకల మధ్య గుజ్జును ఏళ్లతరబడి తిన్నాయి. అది జారి నరాలను నొక్కేసింది. కాలు తిమ్మిరెక్కిన నాడే రావాల్సింది.

"నేను తొక్కిన సారూ," అంది లలితమ్మ.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "తొక్కకూడదమ్మా. తొక్కకున్నా ఇట్లనే అయ్యేదేమో, చెప్పలేను."

అవునంటే గుండెలు బాదుకుని ఏడ్చేది. కాదంటే ఊపిరి పీల్చుకునేది. ఆ "ఏమో"తో ఆడమనిషి ఎట్లా బతకాలి?

బర్రెలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఇప్పుడామె రెండిళ్లలో అంట్లు తోముతోంది. ఆయనను ఎత్తి, తుడిచి, పక్కకు తిప్పీ తిప్పీ ఆమె నడుమూ పట్టేస్తోంది. దస్తగీర్ వంకరగా నడుస్తూ ఆమె గడప ముందు తల దించుకుని పోతాడు. తొక్కమని అడగడు. ఆమె పిలవదు.

రామ్‌చందర్ ఆమెను ఒక్క మాటా అనలేదు. అంతకన్నా ఘోరమే చేశాడు, ఆమె కాళ్ల మీద నమ్మకం వదల్లేదు. నిన్న మధ్యాహ్నం దగ్గరికి పిలిచాడు.

"ఆనాడు నువ్వు భయపడుకుంట తొక్కినవ్, సరిగ్గ పడలే. ఇయ్యాల మంచిగ తొక్కు. లేస్త."

"నావల్ల కాదయ్యా. నన్ను చంపకు."

"నీకు దండం పెడ్త లలితా." నిజంగానే చేతులు జోడించాడు.

ఏడుస్తూనే ఆయనను బోర్లా తిప్పింది. వీపు మీద పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు. ఎండిపోయిన పిక్క మీద కాలు పెట్టి, గోడ పట్టుకుని, బరువంతా మోపి నిలబడింది.

ఆయన దిండులో ముఖం దాచుకుని, పళ్లు బిగబట్టి ఎదురుచూస్తున్నాడు.

"ఏందే, ఇంకా ఆలోచిస్తున్నవా?" అన్నాడు. "పెట్టు కాలు."