నాయన పెట్టిన ప్రేమ పరీక్ష

మా ఇంట్లో ప్రేమకు ఒక పండగ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవరికీ లేదు. దాన్ని తెచ్చింది మా నాయన.

మాది కన్నడ సీమలో, నిడుగల్లు దగ్గర తెలుగు మాట్లాడే ఒక చిన్న పల్లె. తాతల కాలంలో గొర్రెలు కాసుకుని బతికినవాళ్ళం, నాయన కాలానికి వేరుశనగ పండించేవాళ్ళమయ్యాం. నాయన పియుసి, అంటే ఇంటర్ దాకా చదివి పరీక్ష తప్పాడు. ఆ తప్పడం గురించి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. కన్నడ బడిలో మా అన్న తెలుగులో జవాబు చెప్పాడని అయ్యవారు వాత తేలేలా కొట్టినప్పుడు, నాయన బడికి పోయి గొడవ పెట్టుకున్నాడు. మా పుస్తకాల సంచులు తానే భుజాన వేసుకుని మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చేశాడు.

"ఇంగ నేనే చెప్తా. ఆయప్పకంటే నాకేం తక్కువ?" అన్నాడు.

అప్పటినుంచి మా వసారానే బడి. అన్న, నేను, ఇంకా పలక పట్టుకోవడం కూడా సరిగ్గా రాని చెల్లి. నాయన పాఠం బాగానే చెప్పేవాడు. కానీ మార్కులంటే పిచ్చి. లెక్కలకే కాదు, నీళ్ళు తెచ్చినా, కొట్టం ఊడ్చినా మార్కులు వేసేవాడు. తక్కువ వచ్చినవాళ్ళను నిలబెట్టి, ఎక్కువ వచ్చినవాళ్ళ చేత చెంప మీద కొట్టించేవాడు. ఒకరోజు అన్న నన్ను కొట్టేవాడు, ఇంకోరోజు నేను అన్నను కొట్టేదాన్ని. మెల్లగా కొడితే ఇద్దరికీ నాయన చేతి దెబ్బ పడేది. అందుకని గట్టిగానే కొట్టుకునేవాళ్ళం.

ఇంగ్లీషు పాఠానికి పావగడ బజారు నుంచి పాత పేపర్లు తెచ్చేవాడు. ఒక ఏడాది వాటిలో ఫిబ్రవరి నెలలో వచ్చే ప్రేమ పండగ గురించి రాశారు. అది పడుచువాళ్ళ పండగని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నాయనకు ఆ సంగతి అర్థం కాలేదో, కావాలనే దాటేశాడో తెలియదు. ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు ప్రేమించుకునే పండగని మాకు చెప్పాడు.

"దేవుడు లేని పండగేందప్పా?" అంది అమ్మ.

"నీకు తెల్దు, ఊరకుండు. ఆ దినం పిల్లోళ్ళకు పరీక్ష పెడ్తా. ఇంట్లోవాళ్ళ మీద ఎవురికి ఎక్కువ ప్రేముండాదో చూపించల్ల. ఫస్టు వచ్చినోళ్ళకు బహుమానం."

ఆ ఏడాది చేలో వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. చెట్లు పీకితే వేళ్ళకు మట్టి తప్ప కాయ లేదు. ఇంకా మిగిలిన నాలుగు గొర్రెలకు ఆ చెట్లనే మేపి, అవీ అయిపోయాక గొర్రెలను అమ్మేశారు. సంగటి ముద్దలు రోజురోజుకూ చిన్నవయ్యాయి. అమ్మ ఎప్పుడు తినేదో మాకు కనబడేది కాదు.

పండగనాడు వసారా అలికి ముగ్గు వేశారు. అన్న పొద్దున్నే బోరింగు దగ్గర వరుసలో నిలబడి, నాయన స్నానానికి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చాడు. చెల్లి అమ్మ మెడ పట్టుకుని వేలాడి, "ఇంత ప్రేమ" అని రెండు చేతులూ చాపింది. చివరికి నా వంతు వచ్చింది. నాకు నీళ్ళు మోసే బలం లేదు, ముద్దుగా వేలాడే వయసూ కాదు. మాటలు మాత్రం వచ్చు.

"ఇంట్లో అందరికీ సాలకపోతే నేను తినను. నా ముద్ద చెల్లికి పెట్టండి" అన్నాను.

నిజానికి నాకు విపరీతమైన ఆకలి. కానీ నాయనకు అలాంటి మాటలు ఇష్టమని తెలుసు.

"నూటికి నూరు!" అన్నాడు నాయన. అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఆకుపచ్చ లంగా, జాకెట్టు తీసి ఇచ్చింది. వేసుకుంటే కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. అన్న ముఖం మాడ్చుకున్నాడు. నేను వసారాలో గిరగిరా తిరిగాను. నాకు అంతకుముందు అంత సంతోషం తెలియదు.

సాయంత్రం మంగళవాడ నుంచి పెదనాయన వచ్చాడు. అంటే మా అమ్మ అక్క మొగుడు. వాళ్ళకు పిల్లలు లేరు, బస్సులు ఆగేచోట టీ హోటలు ఉంది. ఆయన నీళ్ళు తాగి కూర్చున్నాక నాయన నన్ను పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు పొయ్యి పెద్దమ్మ దగ్గర ఉండు. ఈడ ఒక ముద్ద మిగుల్తాది. పొద్దున నువ్వే అంటివి గదమ్మా."

"ఎన్ని దినాలు నాయనా?"

"ప్రేముండేటోళ్ళు అట్ల అడగరు."

అమ్మ వైపు చూశాను. నా పాత బట్టల మూట అప్పటికే గడప పక్కన ఉంది.

"ఆ మాట ఉత్తిదే నాయనా. నాకూ ఆకలైతాది" అని ఏడ్చాను.

"అట్లయితే మార్కులు కొట్టేయాల్సొస్తాది. లంగా ఇప్పు" అన్నాడు.

నేను లంగా విప్పలేదు. దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఏడుస్తూనే పెదనాయన వెంట బస్సెక్కాను.

పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. కడుపునిండా పెట్టింది, బడిలో చేర్పించింది. బడికి పోయే ముందూ, వచ్చిన తర్వాతా హోటల్లో గ్లాసులు కడగాలి. నీళ్ళలో నాని వేళ్ళ సందుల్లో పుండ్లు పడేవి. టీకి వచ్చినవాళ్ళు ఎవరి పాపని అడిగితే, "నా చెల్లెలి కూతురప్పా. వాళ్ళకు జరక్క ఈడ ఇడిసినారు" అని నా ముందే చెప్పేది.

మరుసటి ఏడు ఆ పండగకు పెద్దమ్మతో కలిసి మా ఇంటికి పోయాను. నాయన అన్నను, చెల్లిని వసారాలో కూర్చోబెట్టాడు. నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను.

"నువ్వు లెయ్ పాపా. నువ్విప్పుడు ఈ ఇంటిదానివి కాదు గదా. నీకు మార్కులెట్ల ఏసేది?" అన్నాడు. కోపం లేదు, పాఠం చెప్పినట్టే చెప్పాడు.

ఆ ఏడు అన్న గెలిచాడు. వాడికి బెల్లం పాకం పట్టిన చెనిక్కాయల ఉండ ఇచ్చారు. సాయంత్రం దాకా చూశాను. వాడిని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.

పెరట్లో అంట్లు తోముతున్న అమ్మ దగ్గరికి పోయాను.

"అన్నను యాడికీ పంపల్యా?"

"వాడు సేనికి కావల్ల గదే."

"చెల్లి?"

"అది పసిది. ఎట్ల పంపేది?" అమ్మ తల ఎత్తలేదు. "పరీక్షకు ముందే నిన్ను పంపల్లని అనుకున్యామమ్మా. మీ పెద్దమ్మకు మాటిచ్చింటిమి."

"మళ్ళ పరీక్ష ఎందుకు పెట్టినారు?"

"గెలిస్తే సంతోషంగా పోతావని మీ నాయన అన్యాడు."

చెప్పి, తోమిన చెంబు నా చేతికిచ్చి నీళ్ళు పొయ్యమంది. పోశాను. ఆ తర్వాత వేరే పండగలకు పోయాను గానీ, ఆ దినం మాత్రం ఎన్నడూ పోలేదు. ఎందుకు రాలేదని నాయనా ఎప్పుడూ అడగలేదు.

నేను మంగళవాడలోనే పెరిగాను, పదో తరగతి పాసయ్యాను. నాయన బడి చదువు చెల్లిని ఎక్కడికీ చేర్చలేదు. దానికి పెళ్ళి కుదిరినప్పుడు పనులకని పోయాను. ఇద్దరం పెరట్లో పసుపు దంచుతుంటే, చాలా ఏళ్ళుగా లోపల పెట్టుకున్న మాట పైకి వచ్చేసింది.

"మీరన్నా అమ్మ దగ్గర పెరిగినారు" అన్నాను.

చెల్లి రోకలి ఆపింది.

"యాడ పెరిగినానక్కా? నువ్వు పోయిన రాత్రి నుంచి నేను అమ్మ పక్కన పండుకోల్యా. ప్రేమ ఎక్కువ కనపడితే నన్నూ పంపిస్తారని భయం. ప్రతేడూ పరీక్షలో కావాలనే తప్పుతా వచ్చినా. అన్న చెంప మీద కొట్టేటోడు, కొట్టించుకుంటి. అమ్మకు జరమొచ్చి మంచాన పడినా దగ్గరికి పోల్యా."

"ఇప్పుడేం భయమే? రేపు పెళ్ళయి పోతాండావు."

"భయం ల్యా. పోయి అమ్మను పట్టుకుందామనుకుంటా. చెయ్యి రాదు."

లోపల్నుంచి అమ్మ దాన్ని పిలిచింది. చెల్లి రోకలి ఎత్తి మళ్ళీ దంచడం మొదలుపెట్టింది.