అన్న చెప్పిన ఆఖరి భాగం

మా అన్నకు సన్మానం చేయాలని ఈ గుజరాతీ నగరంలోని తెలుగు సంఘంవాళ్లు అనుకున్నప్పుడు, వేదిక మీద రెండు మాటలు నన్ను కూడా మాట్లాడమన్నారు. అన్న బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. పాతికేళ్లుగా ఆదివారం ఆదివారం గోడాదరా పేట పిల్లలను పోగేసి తెలుగు నేర్పుతున్నాడు. ఆయన మొదటి శిష్యురాలిని నేనే. బడి గడప తొక్కని చెల్లెలిని ఇంట్లో కూర్చోబెట్టి చదివించిన అన్న అని సంఘంలో అందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, నేనే చెప్పుకుంటూ తిరిగాను.

ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే మొదట మనసులోకి వచ్చింది చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఒక హిందీ సీరియల్. ఒక కుటుంబం అంతరిక్ష నౌకలో దారి తప్పి ఎక్కడో ఒక గ్రహం మీద దిగుతుంది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, వాళ్లకు తోడుగా ఒక రోబో. వారానికొక ఆపద వస్తుంది, రోబో అడ్డుపడుతుంది. అది నాకు మొదటినుంచి చివరిదాకా నోటికి వచ్చు. కాని ఒక్క భాగం కూడా నేను చూడలేదు.

అప్పుడు మేం ఇదే నగరంలో, ఉధ్నాలో వరస గదుల ఇళ్లలో అద్దెకుండేవాళ్లం. బాపు కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అమ్మ ఇంట్లో ధాగా కటింగ్ చేసేది. అంటే కార్ఖానా నుంచి చీరల కట్టలు తెచ్చి, వెనకవైపు వేలాడే పోగులను చిన్న కత్తెరతో కత్తిరించి తిరిగి ఇవ్వడం. ఒకరు చీర సాగదీసి పట్టుకోవాలి, ఇంకొకరు కత్తిరించాలి. మనిషి తోడు లేకుండా ఆ పని సాగదు. అమ్మకు ఆ నూగు పడక ఉబ్బసం ఉండేది. చీర కొస పట్టుకునే పని నాది.

వరస మొత్తానికి టీవీ ఉన్నది ఒక్క యజమానురాలి ఇంట్లోనే. ఆమె గుజరాతీ ముసలామె, అందరం బా అని పిలిచేవాళ్లం. గది చిన్నది, జనం ఎక్కువ. అందుకని గుమ్మంలో నిలబడి "ఘర్ దీఠ్ ఏక్" అనేది. ఇంటికొక్కరు. దానితో మా వరసలో ఒక పద్ధతి ఏర్పడింది. చూసి వచ్చినవాళ్లు ఇంటికి వచ్చి మిగతావాళ్లకు మొత్తం చెప్పాలి. చెప్పేవాళ్లు చెబుతుంటే పని చేసేవాళ్ల చేతులు ఆగక్కర్లేదు గదా. ఎవరింటి కథ వాళ్లదే, పక్కింటివాళ్లను అడిగే పని ఉండేది కాదు.

మా ఇంటినుంచి అన్న వెళ్లేవాడు. ఒకటి రెండుసార్లు నన్ను పొమ్మన్నారు గాని నేనే వద్దన్నాను. నేను చూస్తే నేనొక్కదాన్నే చూసినట్టు, అన్న చూస్తే ఇంటిల్లిపాదీ చూసినట్టు. చెంబులో నోరు పెట్టి రోబో గొంతు పలికించేవాడు. చీరల కట్టల మధ్య కాళ్లు వంగకుండా నడిచేవాడు. అమ్మ నవ్వలేక నవ్వలేక దగ్గేది.

"ఇగ ఆపురా, దమ్మస్తాంది నాకు," అనేది.

"ఆజ్ఞ లేదు అమ్మా. కథ అయ్యేదాక ఆపుడు లేదు," అని చెంబులోంచే జవాబు.

నాకు ఏడేళ్లు నిండినప్పుడు మునిసిపాలిటీ తెలుగు బడి టీచరమ్మ పిల్లలను చేర్పించుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతూ మా గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజు శనివారం. అన్న అప్పటికే అదే బడిలో ఐదో తరగతి. "అమ్మాయిని కూడా పంపండి. సోమవారం మళ్లీ వస్తాను, ఆలోచించుకుని చెప్పండి," అని వెళ్లింది. ఆ ఆదివారమే సీరియల్ ఆఖరి భాగం.

అన్న చూసివచ్చి ఎప్పటిలాగే చెప్పాడు. నౌక బాగైంది, ఇంటికి పోవచ్చు. కాని బరువెక్కువై అది లేవడం లేదు. ఎవరో ఒకరు దిగిపోవాలి. అప్పుడు రోబో ముందుకు వచ్చింది. అన్న ఆ రోజు చెంబు తీసుకోలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు. "మీరు పోండ్రి. నేను ఇక్కడ్నే ఉంట. నాకు సంతోషమే." అంతే, అయిపోయింది అన్నాడు. నేను చీర కొస వదలకుండానే ఏడ్చాను. ఏడుస్తూనే, ఎంత గొప్పది ఆ రోబో అనుకున్నాను. పెద్దయితే అలా ఉండాలి అనుకున్నాను. పెద్దవడానికి ఒక్క రోజే పట్టింది.

సోమవారం టీచరమ్మ వచ్చేసరికి బాపు ఇంట్లోనే ఉన్నాడు.

"దాన్నే అడుగుండ్రి టీచరమ్మా," అన్నాడు. "వస్తనంటే పంపుత. నేనెందుకు అడ్డం పడ్త?"

టీచరమ్మ నా ముందు కూర్చుంది. "ఏమ్మా, వస్తావా బడికి?"

చీర ఒక కొస అమ్మ చేతిలో, రెండో కొస నా చేతిలో ఉన్నాయి. అన్న గోడవైపు తిరిగి పుస్తకాలు సర్దుకుంటున్నాడు.

"నేను ఇక్కడ్నే ఉంట. నాకు సంతోషమే," అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "ఎవరు నేర్పారమ్మా నీకీ మాట?" అంది. నేను సిగ్గుపడి నవ్వాను. ఆమె పుస్తకంలో ఏదో రాసుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ వారమే అన్న పలక తెచ్చి నా ముందు పెట్టాడు. రోజూ బడినుంచి రాగానే ఆ రోజు తను నేర్చుకున్నది నాకు నేర్పేవాడు. అక్షరాలు, ఎక్కాలు, తర్వాత హిందీ, ఇంకా తర్వాత తన పాత పుస్తకాలన్నీ. ఇవాళ పురాణం చదువుకుని అర్థం చేసుకుంటున్నానంటే, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన చలవే. ఈ మాట ఎన్ని వందల సార్లు ఎంతమందితో అన్నానో లెక్కలేదు.

సన్మానంలో దీంతోనే మొదలుపెట్టాలని ఆ సీరియల్ వెతకమని మా కోడలిని అడిగాను. ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల.

"పేరు తెల్వదంటరు, కథేమో మొత్తం చెప్తరు. ఎట్ల దొరుకుతది అత్తమ్మా?" అని నవ్వింది. మళ్లీ తనే, "రుకో, కథనే కొట్టి చూస్త," అని ఫోనులో ఏదో రాసింది. రెండు రోజులకు దొరికింది. ఎవరో పాత క్యాసెట్లు దాచుకుని నెట్లో పెట్టారు. ఎవరో గాని ఆ మనిషి చల్లగా ఉండాలని దండం పెట్టుకున్నాను.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండేసి భాగాలు టీవీలో పెట్టేది. మొదటిరోజే నాకు చిన్నబోయినట్టయింది. గ్రహం మీది కొండలు థర్మకోల్ ముక్కలు. రోబోకు వెండి రంగు పూసిన అట్టపెట్టె ఒళ్లు.

"ఇది రోబోనా అత్తమ్మా, బీరువానా? చేతులకు వాషింగ్ మెషిన్ పైపులు పెట్టిన్రు చూడుండ్రి," అంది కోడలు.

మా ఇంటి మనిషిని ఎవరో ఎగతాళి చేసినట్టు బాధపడ్డాను. అన్న చెప్పినవాటిలో సగం అందులో లేనే లేవు. పిల్లలకు రోబో చుక్కల పేర్లు చెప్పడం లేదు, జ్వరం వచ్చిన తల్లి తలదగ్గర కూర్చోవడం లేదు. అవన్నీ అన్నే అల్లాడు. ఇంత చిన్నదాన్ని అంత పెద్దది చేసి నా చేతిలో పెట్టాడు గదా అని ఆయన మీద ప్రేమ ఇంకా పెరిగింది. వేదిక మీద ఇది కూడా చెప్పాలనుకున్నాను.

ఆఖరి భాగం పెట్టేముందు కోడలికి నేనే ముందుగా చెప్పాను. "రోబోను వదిలేసి పోతరమ్మా. ఏడువకు, అది సంతోషంగనే ఉంటది."

అన్నీ అన్న చెప్పినట్టే జరిగాయి. నౌక లేవలేదు. బరువెక్కువన్నారు. రోబో ముందుకు వచ్చి హిందీలో, "మై యహీ రహూంగా. ముఝే ఖుషీ హై," అంది. నా జీవితం ఆ మాట మీద నిలబడి ఉంది. అది ఇప్పటికి చెవిన పడింది.

కాని కథ అక్కడ ఆగలేదు. ఆ పిల్లల తల్లి రోబోను "చుప్" అంది. ఇంకొక్క మాట మాట్లాడకుండా వెళ్లి బల్ల మరలు విప్పడం మొదలుపెట్టింది. తండ్రి మంచాలు ఊడదీశాడు. పిల్లలు తమ పెట్టెలు తెచ్చి బయటికి విసిరేశారు. నౌక మొత్తం ఖాళీ అయ్యాక నలుగురూ రోబోను చెయ్యి పట్టి లోపలికి లాక్కున్నారు. కూర్చోవడానికి కుర్చీ కూడా లేక అందరూ నేల మీద దానికి ఆనుకుని కూర్చున్నారు. నౌక లేచింది.

"అత్తమ్మా, ఎక్కించుకున్నరు గదా," అంది కోడలు.

"మల్ల పెట్టు," అన్నాను.

మూడుసార్లు పెట్టింది. రోబో ఆ మాట అన్న తర్వాత ఇంకా పావుగంట కథ ఉంది.

కరెంటు పోయి ఉంటుంది అనుకున్నాను. ఆ రోజుల్లో ఎప్పుడు పడితే అప్పుడు పోయేది. పాపం అన్న అంతవరకే చూసి, అంతే అయిపోయింది అనుకుని ఉంటాడు. రెండు రోజులు ఆ కరెంటునే పట్టుకుని ఉన్నాను. మూడో రోజు ఉండబట్టలేక కామ్‌రేజ్‌లో అన్న ఇంటికి వెళ్లాను.

అన్న వసారాలో ఊగుడుబల్ల మీద పేపరు చదువుతున్నాడు. వదిన టీ తెచ్చింది. "ఏందమ్మా, స్టేజి ఎక్కుతున్నవట. ఎక్కినంక మమ్మల్ని గుర్తుపడ్తవా?" అంది.

"గుర్తుపడుతనో లేదో మీ ఆయన్నడుగు వదినా," అన్నాను. తర్వాత అన్నవైపు తిరిగాను. "అన్నా, ఆ రోబో సీరియల్ యాదికున్నదా?"

"యాదికి లేకుంటెట్ల? చెంబు తెమ్మంటవా?" అని నవ్వాడు.

"ఆఖరి భాగం నాడు బా ఇంట్ల కరెంటు పోయిందా?"

"లేదు. ఎందుకు?"

"మొత్తం చూసినవా?"

ఊగుడుబల్ల ఆగింది. "చూసిన," అన్నాడు.

"రోబోను ఎక్కించుకున్నరు గదా అన్నా."

"ఎవర్ని ఎక్కించుకున్నరు?" అంది వదిన. అన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"శనివారం టీచరమ్మ పోయినంక బాపు అమ్మతోని అన్నడు. ఇద్దర్ని పంపుడు కాదు, నీ దగ్గర ఒకరు ఉండాలె. పిల్ల పోతనంటే పిల్లగాన్ని మాన్పిస్త, ఎట్లా రెండేండ్లయితే సాంచెల మీదికే వస్తడు అన్నడు. నేను నిద్రపోయిననుకున్నరు, అంతా ఇన్న. నాకు భయమైంది చెల్లె. పదకొండేండ్లు నాకు."

"నాకు ఏడు."

"నేను అబద్ధం చెప్పలే. సగంల ఆపిన, అంతే. నువ్వు దాన్ని పట్టుకపోయి టీచరమ్మకు అప్పజెప్తవని నేను కలగన్ననా? కథ గదా అది. తర్వాత నీకు నేర్పలేదా? ఒక్క రోజు నాగా పెట్టకుంట నేర్పిన. ఏ అన్న నేర్పుతడు చెల్లెకు?"

అదీ నిజమే. రోజూ నేర్పాడు. బడిలో నా చోటు కూడా తనే తీసుకుని, సాయంత్రం అందులోంచి కొంచెం తెచ్చి పెట్టాడు. పదకొండేళ్ల పిల్లవాడి భయాన్ని నేను ఎప్పుడో క్షమించేదాన్ని. అప్పుడు చెప్పినా, ఇరవై ఏళ్లప్పుడు చెప్పినా, నా పెళ్లినాడు చెప్పినా క్షమించేదాన్ని. పదకొండేళ్ల వాడితో కాదు నాకు తగువు. ప్రతి రాఖీకి నేను చేసుకునే కృతజ్ఞతను ఎదురుగా కూర్చుని, తల ఊపుతూ, కాదనకుండా తీసుకున్న పెద్దమనిషితో.

దేవుడి దగ్గర కూడా నేను ఆ మాటే వాడాను. అత్తవారింట్లో ఎవరికైనా బాగాలేకపోతే ఉండిపోయింది నేనే. తీర్థయాత్రకు బండిలో చోటు చాలకపోతే దిగిపోయింది నేనే. ప్రతిసారీ దండం పెట్టుకుని, నేను ఇక్కడే ఉంటాను, నాకు సంతోషమే అనుకున్నాను. అది భక్తి అనుకున్నాను. ఆ కథ చివర ఏముందో దేవుడికి తెలుసు గదా, ఆయనా చెప్పలేదు.

"ఆదివారం ఇదంతా స్టేజి మీద చెప్తవా?" అన్నాడు అన్న.

"అంతమంది ముందట పాత ముచ్చటలెందుకు?" అంది వదిన. "దేవుని దయతోని ఇద్దరు మంచిగనే ఉన్నరు గదా."

నేను టీ తాగి లేచాను.

ఆదివారం హాలు నిండింది. అన్న నేర్పిన పిల్లలు వరసగా నిలబడి పద్యాలు చదివారు, తప్పు లేకుండా. ఆ పిల్లల కోసం నేను నిజంగానే సంతోషించాను. అన్న మెడలో దండ, భుజాల మీద శాలువా. నన్ను పిలిచారు. చేతిలో రాసుకొచ్చిన మూడు పేజీలున్నాయి. అన్న నావైపే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

"మా అన్న నాకు చదువు నేర్పాడు. ఒక్కరోజు మానకుండా నేర్పాడు," అన్నాను. తర్వాతి మాట కృతజ్ఞతలు. ఎన్నో ఏళ్లు నా నోట్లో నానిన మాట, ఆ రోజు వెతికినా దొరకలేదు. మైకు తిరిగి ఇచ్చేశాను. కన్నీళ్లతో మాట పెగల్లేదనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

కిందికి దిగాక అన్న నా దగ్గరికి వచ్చాడు. మొహం తేటపడి ఉంది. "మంచిగ మాట్లాడినవ్ చెల్లె," అన్నాడు.

"గంట సేపు చెప్తవనుకుంటే రెండు ముక్కలేనా?" అంది వదిన.

"ఉన్నయి అవే వదినా."

సంఘం పెద్దలు ఫొటో కోసం మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. అన్న కాళ్లకు దండం పెట్టమ్మా, బాగుంటుంది అన్నారు. అన్న దీవించడానికి చెయ్యి కొంచెం పైకెత్తి ఉంచాడు. నేను వంగలేదు. ఫొటో తీసే మనిషి ఆగాడు, వెనకవాళ్లు ఆగారు. ఆ చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండి, మెల్లగా శాలువా సర్దుకోవడానికి వెళ్లింది. మోకాళ్ల నొప్పులేమో అని వదినే కుర్చీ తెచ్చి వేసింది. కూర్చున్నాను.